గీత దాకా మంచు

2009 నవంబరు 20, శుక్రవారం

డానెట్ వెనకతలుపు తోసుకుని వచ్చేసింది. తోడికోడలు కదా, తలుపు తట్టే అలవాటు లేదు. చేతిలో ఇంకా వెచ్చగా ఉన్న వాల్‌నట్ రొట్టె, మొహంలో పెళ్లికళ.

"అక్కా, బ్యాంకువాళ్లు ఒప్పుకున్నారు! ఇంటి అప్పు కిస్తీ సగానికి సగం తగ్గించారు! మూడు నెలలు పరీక్షట. అవి సరిగ్గా కడితే ఇక ఎప్పటికీ అంతేనట!"

నేనూ సంతోషించాను. గట్టిగా కావలించుకున్నాను కూడా. ఎంత గట్టిగా అంటే, "అబ్బా, ఎముకలు విరుగుతాయి అక్కా" అంది.

ఆమె వెళ్లాక ఇది రాస్తున్నాను. ఇంకెవరితో చెప్పుకోను? మా ఆయన క్లెమ్, డానెట్ మొగుడు లెన్, అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన ఇళ్లు కొన్నారు. ఒకే రోజు, ఒకే బ్యాంకు, ఒకే దళారీ. రెండిళ్ల మధ్య డ్రైవ్‌వే కూడా ఒకటే. సిమెంటు మధ్యలో ఒక అతుకు గీత ఉంటుంది, ఇటు మాది, అటు వాళ్లది. ఫ్యాక్టరీలో పని గంటలు కోసినప్పుడు క్లెమ్‌కీ లెన్‌కీ సమానంగానే కోశారు. మేమేం చేశాం? క్లెమ్ ప్రాణంలా చూసుకున్న పడవ అమ్మేశాం. నేను శనివారాలు లాండ్రీలో ఇస్త్రీకి వెళ్తున్నాను. ఒక్క నెల తప్పకుండా కట్టాం. వాళ్లేం చేశారు? వేసవి నుంచి కట్టడం మానేశారు. వంటింటికి పసుపు రంగు వేయించుకున్నారు. బుద్ధిగా కట్టినవాడికి చేదు, ఎగ్గొట్టినవాడికి బెల్లం.

పసుపు రంగు బాగానే ఉంది. అదో మంట.

నవంబరు 21

నిద్ర లేదు. రొట్టె తిన్నాను. చాలా బాగుంది. మిగిలింది ఫ్రీజర్లో పడేశాను, కళ్లకు కనబడకుండా.

నవంబరు 24

బ్యాంకుకి ఫోన్ చేశాను. గంటసేపు సంగీతం వినిపించారు. చివరికి ఒక కుర్రగొంతు.

"మేడమ్, మీ ఖాతాలో బాకీ ఏమీ లేదు కదా?"

"లేదు. అందుకే అడుగుతున్నాను. కష్టపడి కడుతున్నాం, మాకూ తగ్గించండి."

"కడుతున్నారంటే కట్టగలుగుతున్నారని అర్థం కదండీ. ఇబ్బంది ఉంటే ఆగిపోయేవారు."

"అయితే ఆగిపోవాలా?"

"ఆగమని నేను చెప్పలేను మేడమ్. మూడు నెలలు బాకీ పడ్డవాళ్ల దరఖాస్తులే మా బల్ల మీదికి వస్తాయి. అంతవరకే చెప్పగలను."

ఆ కుర్రాడు గొంతు తగ్గించి మరీ చెప్పాడు. నా మేలుకోరే చెప్పాడనిపించింది. డానెట్‌కి కూడా ఎవరో ఇలాగే చెప్పి ఉంటారు. ఆమె మాత్రం నాకు చెప్పలేదు. వేసవిలోనే చెప్పి ఉంటే నేనూ మానేసేదాన్ని. పడవ ఉండేది.

డిసెంబరు 1

ఇంటి లెక్కలు చూసేది నేనే. క్లెమ్ జీతం తెచ్చి నా చేతిలో పోసి, టీవీ ముందు కూర్చుంటాడు. ఈ నెల చెక్కు పంపలేదు. డబ్బు ఎక్కడికీ పోదు, బ్యాంకులోనే ఉంటుంది. క్లెమ్‌కి తర్వాత చెబుతాను. తగ్గింపు వచ్చాక చెబితే ఇంకా సంతోషిస్తాడు.

డిసెంబరు 26

పండగ వాళ్లింట్లో. పసుపు వంటింట్లో నిలబడి లెన్ గ్లాసు ఎత్తాడు. "మన డానెట్ లేకపోతే ఈ ఇల్లు దక్కేది కాదు! బ్యాంకుతో మాట్లాడాలంటే మాటలా? మా ఆవిడ పులి!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. క్లెమ్ కూడా కొట్టాడు, ఈలతో సహా.

నేను చేసిన పిరోగీలు, ఆ బంగాళాదుంప కుడుములు, అన్నీ అయిపోయాయి. ఒక్కరూ వాటి గురించి ఒక్క మాట అనలేదు.

2010 జనవరి 9

పొద్దున్నే మోకాళ్లలోతు మంచు. క్లెమ్ పార తీసుకుని, తోస్తూ తోస్తూ, ఎప్పటిలాగే లెన్‌వాళ్ల సగంలోకి కూడా వెళ్లిపోతున్నాడు. తలుపు తీసి కేకేశాను.

"గీత దగ్గర ఆగు!"

"ఏంటి?"

"గీత. మన సగం చాలు. నీ నడుం ఏమైనా ఇనుమా?"

"లెన్‌కి మోచేయి నొప్పి కదే, పాపం..."

"బ్యాంకు చుట్టాలు వాళ్లు. బ్యాంకునే పంపించమను తోయడానికి."

నన్ను ఒకలా చూశాడు. కానీ ఆగాడు. మధ్యాహ్నం లెన్ బయటికొచ్చి, కత్తితో కోసినట్టున్న ఆ మంచుగోడ చూసి కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత తనే తోసుకున్నాడు. మోచేయి నొప్పి అంత ఎక్కువేం లేనట్టుంది.

జనవరి 14

డానెట్ వాళ్లమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుందట. మొగుడూ పెళ్లాలిద్దరూ ఆవిడుండే ఊరు ఈరీ వెళ్లారు. రెండు వారాలుంటారట. ఇదంతా లెన్ ఫ్యాక్టరీలో క్లెమ్‌కి చెబితే, క్లెమ్ అన్నం దగ్గర చెబుతున్నాడు. డానెట్ నాకు చెప్పలేదు. ఎదురుగా కారెక్కి వెళ్లిపోయింది, కిటికీ వైపు చూసింది కూడా. చెయ్యి ఊపితే అరిగిపోతుందా?

వాళ్లకి అవతల ఉండే హుడాక్ ముసలాయన ఎప్పటిలాగే చలికాలానికి ఫ్లోరిడా పోయాడు. ఈ వరసలో ఇప్పుడు దీపం వెలిగేది మా ఇంట్లోనే.

జనవరి 17

మళ్లీ మంచు. క్లెమ్ అడగకుండానే గీత దగ్గర ఆగాడు.

జనవరి 19

బెల్లు మోగింది. లావుపాటి మనిషి, చెవులదాకా ఊలుటోపీ, మెడలో కార్డు, చేతిలో చిన్న కెమెరా. అంతకుముందు డానెట్ తలుపు బాది బాది ఇటు వచ్చాడు.

"బ్యాంకు తరఫునండీ. పక్కింట్లో మనుషులుంటున్నారా?"

కిస్తీలు ఆగిన ఇంటికి నెలకోసారి ఇలా ఎవరో వచ్చి చూసిపోతారని డానెట్ చెబుతూనే ఉండేది. ఇల్లు ఖాళీ చేసి పారిపోయారేమోనని బ్యాంకుకి అనుమానమట. తగ్గింపు వచ్చినా ఈ మనుషులు రావడం ఆగలేదన్నమాట.

అతను చలికి వణుకుతున్నాడు. లోపలికి రమ్మని కాఫీ ఇచ్చాను. వట్టి కాఫీ ఏం ఇస్తామని ఫ్రీజర్లోని వాల్‌నట్ రొట్టె వెచ్చచేసి రెండు ముక్కలు పెట్టాను. అత్తసొమ్ము అల్లుడు దానం.

"ఎన్నాళ్లయిందండీ వాళ్లని చూసి?"

"నేనేం లెక్కపెట్టలేదు."

"ఎక్కడికైనా వెళ్తున్నామని చెప్పారా?"

"నాతో ఎవరూ ఏమీ చెప్పలేదు."

ఇది నూటికి నూరుపాళ్లు నిజం.

"తిరిగొస్తారంటారా?"

భుజాలెగరేశాను. భుజాలెగరేయడం మాట కాదు.

అతను కప్పు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లాడు. "మీ సగం శుభ్రంగా తోసుకున్నారు. అటు సగం చూడండి, ఒక్క అడుగుజాడ లేదు. మనుషులున్న ఇల్లు ఇలా ఉండదు" అన్నాడు.

"కనబడుతూనే ఉందిగా" అన్నాను.

వెళ్తూ ఫొటో తీసుకున్నాడు. "రొట్టె చాలా బాగుందండీ, మా అమ్మ చేసేది ఇలాగే" అన్నాడు. థాంక్స్ అన్నాను. మీరు వాళ్లకేమవుతారని అతను అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

జనవరి 20

నేను అబద్ధం చెప్పలేదు.

జనవరి 26

పొద్దున పదింటికి ఒక వ్యాను వచ్చింది. ఇద్దరు. ఒకడు డానెట్ ముందుతలుపు తాళం ఊడబీకి కొత్తది వేశాడు. ఇంకొకడు గులాబీరంగు నీళ్ల డబ్బాలు లోపలికి మోసుకెళ్లాడు. ఖాళీ ఇళ్లలో గొట్టాలు గడ్డకట్టి పగలకుండా, నీళ్లు వదిలేసి ఆ మందు పోస్తారు. తలుపుకి పసుపు కాగితం ఒకటి అంటించారు.

పిరోగీల పిండి కలుపుతున్నాను. పిండిచేతులతో బయటికెలా వెళ్తాను? చేతులు కడుక్కునేసరికి వాళ్లు వెళ్లిపోతారనుకున్నాను. వాళ్లు భోజనాలవేళ దాకా ఉన్నారు. పిండి మరీ మెత్తబడిపోయింది, పారేశాను.

బ్యాంకువాళ్లకి వాళ్ల పని తెలుసు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

సాయంత్రం క్లెమ్ ఆ కాగితం చూసి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం జరిగిందే అక్కడ? నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, చూళ్లేదా?"

"వంటింట్లో ఉన్నాను. రేడియో మోగుతోంది."

క్లెమ్ లెన్‌కి ఫోన్ చేశాడు. లెన్ అరుపు నాక్కూడా వినబడింది.

జనవరి 31

వచ్చారు. తాళాలవాణ్ణి పిలిచి తలుపు తీయించుకున్నారు. ఆ ఇద్దరు నిపుణులు నీళ్లు సరిగ్గా వదల్లేదు. గొట్టం పగిలి పసుపు వంటింటి కప్పు కూలిపోయింది. బాగయ్యేదాకా మా ఇంట్లోనే ఉంటారు. మా అమ్మాయి కెరెన్ పెళ్లి చేసుకుని వెళ్లాక ఖాళీగా ఉన్న గదిలో.

"వదినా, నీకు శ్రమ" అన్నాడు లెన్.

"శ్రమేముంది, మీ ఇల్లే అనుకోండి" అన్నాను. అన్నాక నాకే ఎలాగో అయింది.

డానెట్ ఏడవలేదు. బ్యాంకు నంబరు నొక్కుతూనే ఉంది.

ఫిబ్రవరి 5

చర్చి ఆడవాళ్లు వరసపెట్టి గిన్నెలు తెస్తున్నారు. క్యాబేజీ చుట్టలు, నూడుల్స్, మూడు రకాల కేకులు. "అయ్యో డానెట్, అయ్యో తల్లీ" అంటూ, నా వంటింట్లో, నా బల్ల మీద, నా ఎదుటే ఆమెని వాటేసుకుంటారు. పడవ అమ్మినప్పుడు ఒక్కరు గిన్నెడు సూపు తెచ్చారా? ఇల్లు కూలినా దాని యోగమే యోగం.

మధ్యాహ్నం డానెట్ ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినబడేలా మాట్లాడింది.

"మా రికార్డుల్లో మీరా ఇంట్లో లేరండీ" అంది బ్యాంకమ్మాయి.

"అమ్మా, ఆ ఇంటిదాన్ని నేనే చెబుతున్నాను, ఉంటున్నానని!"

"ఇంట్లోవాళ్లు అలాగే అంటారండీ. బయట విచారణలో తేలాలి."

"పరీక్ష కిస్తీలు మూడూ కట్టానా లేదా?"

"కట్టారు, థాంక్యూ. కానీ ఇల్లు వదిలేసినవాళ్లకి తగ్గింపు ఉండదండీ. రద్దయింది. మళ్లీ మొదటి నుంచి పెట్టుకోండి. ఈలోపు జప్తు పని మాత్రం ఆగదు."

"నేను ఇల్లు వదిలేశానని ఎవరన్నారు?"

"పొరుగువాళ్లని అడిగారండీ."

డానెట్ ఫోన్ పెట్టేసింది.

"హుడాక్ ముసలాయనై ఉంటాడు" అన్నాను.

డానెట్ నా వైపు చూసింది. "అయి ఉంటాడు" అంది నెమ్మదిగా.

ఆయన ఫ్లోరిడాలో ఉన్నాడని అన్నాల దగ్గర గుర్తొచ్చింది. డానెట్‌కి గుర్తురాలేదు. మంచిదే.

ఫిబ్రవరి 14

వాళ్లింటికి వాళ్లు వెళ్లిపోయారు. గది బోసిగా ఉంది. దుప్పట్లు ఉతికి, మడిచి, మంచం మీద పెట్టి వెళ్లింది. నాకన్నా బాగా మడిచింది.

ఫిబ్రవరి 19

క్లెమ్‌కి తెలిసిపోయింది. బ్యాంకువాళ్లు ఏకంగా ఫ్యాక్టరీకి ఫోన్ చేశారు. కోటు కూడా విప్పలేదు.

"మూడు నెలలా! మూడు నెలలు కట్టలేదా?"

"డబ్బు ఎక్కడికీ పోలేదు. తగ్గింపు కోసమే ఆపాను. దరఖాస్తు కూడా పెట్టాను. వాళ్లకి ఇవ్వలేదూ?"

"వాళ్లకిచ్చి ఏం చేశారో కళ్లతో చూశావు కదా! నా పడవ అమ్మాను ఈ ఇంటికోసం. మా నాన్న పేరు రాసుకున్న పడవ!"

"నాకు తెలీదా? అందుకేగా నా బాధ!"

"నీ బాధ పడవ కాదు. నీ బాధ పక్కింట్లో ఉంది" అన్నాడు.

అతను ఇలా మాట్లాడే మనిషి కాదు. సోఫాలో పడుకున్నాడు.

ఫిబ్రవరి 22

ఆపిన మూడు కిస్తీలూ ఒకేసారి కట్టేస్తానని ఫోన్ చేశాను. ఈసారి ఒక పెద్దాయన. "దరఖాస్తు విచారణలో ఉండగా ఇప్పుడు తీసుకోలేమండీ" అన్నాడు. ఆగమన్న కుర్రాడి సంగతి చెప్పాను. "మావాళ్లెవరూ అలా చెప్పరే" అన్నాడు. మరి జప్తు ఆగుతుందా అన్నాను. "అది వేరే సెక్షన్‌వాళ్ల పని" అన్నాడు.

ఈ ఇల్లు పోతే డానెట్ ఏమనుకుంటుంది?

క్లెమ్ ఏమవుతాడని ముందు రాయాల్సింది.

మార్చి 9

క్లెమ్ పనికి వెళ్లాక కారు ఆగిన చప్పుడు. కిటికీ తెర పక్కకి జరిపి చూశాను. అదే లావుపాటి మనిషి, అదే ఊలుటోపీ. ఈసారి మా ఇంటి ఫొటో తీస్తున్నాడు.

బెల్లు కొట్టాడు. తలుపు తీయలేకపోయాను. జప్తు కాగితాలు చేతిలో పెడతాడని భయమో, నన్ను గుర్తుపడతాడని భయమో తెలీదు. మళ్లీ కొట్టాడు. తర్వాత గీత దాటి డానెట్ ఇంటికి వెళ్లాడు.

ఆమె గడపలోనే నిలబడి మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. ఒకసారి ఇటు వేలు చూపించింది. ఒకసారి అతను నవ్వాడు. ఒకసారి ఆమె మొహం కడిగేసినట్టు తెల్లబోయింది. నేను తెర వెనక నిలబడి ఆమె పెదాలే చూస్తున్నాను. నా ఇల్లు ఆ పెదాల మీద ఉంది. నేనైతే ఏం చెబుతానో నాకు తెలుసు. అందుకే తెర వదల్లేకపోయాను.

అతను వెళ్లిపోయాక డానెట్ వచ్చింది. ముందుతలుపు దగ్గరికి. బెల్లు కొట్టింది. ఇన్నేళ్లలో ఆమె మా బెల్లు కొట్టడం ఇదే మొదలు.

"లోపలికి రా" అన్నాను.

"వద్దు. బ్యాంకు మనిషి వచ్చాడు, నువ్వు చూసే ఉంటావు. పక్కింటావిడ ఏరీ అని అడిగాడు. జనవరిలో చలికి చచ్చిపోతుంటే లోపలికి పిలిచి కాఫీ ఇచ్చిందట. వాల్‌నట్ రొట్టె కూడా పెట్టిందట. చాలా మంచావిడ, ఖాళీ చేసి వెళ్లిపోయిందా పాపం అన్నాడు."

నేను తలుపు గొళ్లెం పట్టుకున్నాను.

"ఉంటున్నారు అని చెప్పాను. మీకెలా తెలుసన్నాడు. ఆ కిటికీ తెర చూడండి, ఎప్పుడూ ఓ పక్కకి జరిగే ఉంటుంది, దాని వెనక మనిషి లేని రోజు లేదు, ఇప్పుడు కూడా ఉంది అన్నాను. అతను కెమెరా దగ్గరగా జరిపి చూసి, నిజమేనండోయ్ అని ఫొటో తీసుకున్నాడు. నీ ఇల్లు ఖాళీ కాదని రాసుకున్నాడు."

"డానెట్..."

"రొట్టె చాలా బాగుందట అక్కా. అతను చెప్పాడు. నువ్వు చెప్పలేదు."

మెట్లు దిగి వెళ్లిపోయింది. బయటి దారిన, వీధి చుట్టూ తిరిగి వెళ్లింది. డ్రైవ్‌వే దాటలేదు.

మార్చి 10

క్లెమ్‌కి అంతా చెప్పాను. పూర్తిగా విని, లేచి, పార ఎక్కడుందని అడిగాడు. మంచే లేదుగా అన్నాను. అయినా వెతికి బయట డానెట్ గోడకి ఆనించి వచ్చాడు. నాతో మాట్లాడటం లేదు.

మార్చి 26

బ్యాంకు నుంచి ఫోన్. మాకు తగ్గింపు ఇచ్చారు. సగానికి సగం. మూడు నెలలు పరీక్షట. "ఇంట్లో మీరు ఉంటున్నట్టు మావాళ్లు ఫొటోతో సహా నిర్ధారించారండీ, అందుకే తొందరగా అయింది" అంది ఆ అమ్మాయి. "కంగ్రాచ్యులేషన్స్" కూడా అంది.

డానెట్ దరఖాస్తు ఇంకా మొదట్లోనే ఉంది. జప్తు తేదీ మాత్రం వచ్చేసింది.

చేతిలో వెచ్చటి రొట్టెతో వెళ్లి చెప్పడానికి నాకున్నది ఒక్క తలుపే. ఇన్నాళ్లూ ఆమెకి వస్తే నేనేడ్చాను. ఇప్పుడు నాకొచ్చింది, ఏడవడానికి ఆమెకి వంతు వచ్చింది. ఏడవడం లేదు. పొద్దున లెన్‌తో ఏదో అని నవ్వుతోంది కూడా. ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు. కడుపు మండిపోతోంది, దేవుడా, ఇప్పుడు కూడా.

కిటికీ తెర ఊడదీసి ఉతకడానికి వేశాను.

మార్చి 28

మార్చి చివర ఇంత మంచు ఏ ఏడాదీ చూడలేదు. తెర లేని కిటికీలోంచి అంతా కనబడుతోంది. డానెట్ ఒక్కతే క్లెమ్ పారతో తోస్తోంది. ముందు నుంచి వెనకదాకా, ఎక్కడా వంకర లేకుండా.

గీత దగ్గర ఆగింది. నా దగ్గర నేర్చుకున్నదే.